తీపి పరీక్ష

షెడ్డుకి కొత్త డ్రమ్ము వస్తే దాన్ని పరీక్ష చేసే యంత్రం ఒకటే ఉండేది. అది నాలుకక్క నాలుక.

కంపెనీ కాగితాల మీద ప్రయోగశాల ఫొటో ఉండేది. తెల్లకోట్లు, గాజు గొట్టాలు, నవ్వుతున్న ఒక అమ్మాయి. ఆ గది ఎక్కడుందో, ఆ అమ్మాయి ఎవరో షెడ్డులో ఒక్కరికీ తెలియదు. షెడ్డులో ఉన్నదల్లా రేకుల కప్పు, పిండి బస్తాలు, పొట్టు మర, మరగబెట్టే పెద్ద గంగాళం, రోలర్లు, ప్రెస్సులు. మొక్కజొన్న పిండిని నీళ్ళలో కలిపి, కాస్త వెనిగర్ పోసి, గ్లిజరిన్ పోసి మరగబెడతారు. తెల్లగా ఉన్నది గంజిలా నిగ్గు తేలగానే ఊక పొడీ రంపపు పొట్టూ వేసి ముద్ద చేస్తారు. ఆ ముద్దని రోలర్ల మధ్య నలిపి, రేకుల్లా పరిచి, వేడి ప్రెస్సులో అచ్చు వేస్తే అన్నం పెట్టుకునే ట్రే వస్తుంది. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. భూమికి చాలా మంచిది. కంపెనీ కాగితాల మీద అలాగే రాసి ఉంటుంది, ఆకుపచ్చ అక్షరాలతో.

గ్లిజరిన్ తగ్గితే ట్రే ఎండుటాకులా పుటుక్కున విరుగుతుంది. ఎక్కువైతే చెమటలు కక్కుతుంది, చేతికి జిగురు జిగురుగా అంటుకుంటుంది. ఎంత పడాలో గంగాళం దగ్గరుండే ఆవిడకి చేతి లెక్క. వెనకొకసారి డ్రమ్ములో సబ్బునీళ్ళ లాంటిదేదో వచ్చి రోజంతా చేసిన సరుకు పాడైతే, ఆవిడే వేలు ముంచి నాకి చూసి, "ఇది గ్లిజరిన్ కాదు, తీపి లేదు" అని తేల్చింది. ఆ రోజు నుంచి ఆవిడ పేరు నాలుకక్క. ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఆవిడకి లోలోపల గర్వంగానే ఉండేది. ఎందుకుండదు? జీవితంలో మొదటిసారి ఆవిడ చెప్పిన మాట మీద ఒక లారీ ఆగింది.

ఆ ఎండాకాలం నీలం డ్రమ్ము వచ్చింది. చవగ్గా దొరికిందని పచ్చసారు కొత్త వర్తకుడి దగ్గర కొన్నాడు. పచ్చసారంటే యజమాని. చొక్కా పచ్చ, కారు పచ్చ, మాట్లాడితే చెట్లు, భూమి, రేపటి తరం. సూపర్‌వైజరుని అందరూ కళ్ళజోడు అనేవాళ్ళు. అతను డ్రమ్ము మూత తీయించి, వెనక్కి తిరిగి నాలుకక్కని పిలిచాడు.

"రా అక్కా, నీ మిషను పెట్టు."

ఆవిడ వేలు ముంచింది. నాకింది.

"ఏమంటోంది?"

"తీపే. కాకపోతే పల్చగా ఉంది. అది తేనెలా సాగేది గదా, ఇది నీళ్ళలా జారిపోతోందేంటి?"

"ఈ ఎండకి మనుషులే కరిగిపోతున్నారు, డ్రమ్ము కరగదా? దించమంటావా, వద్దంటావా?"

"దించండి."

ట్రేలు బాగా వచ్చాయి. ఇదివరకటికంటే మెత్తగా, నున్నగా వచ్చాయి. పచ్చసారు వచ్చిన కొనుగోలుదారుల ముందు ఒక ట్రే అంచు కొరికి నమిలి చూపించాడు. అది ఆయనకి అలవాటైన ఆట. "తినే సరుకుతో చేసిందండీ. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదు" అనేవాడు. వాళ్ళు వెళ్ళాక కుళాయి దగ్గర ఉమ్మేసేవాడు. ఉమ్మేయడం కూలివాళ్ళు చూశారు. కానీ మాట మాత్రం నమ్మారు. అదే వాళ్ళ ఖర్మ.

పొట్టు మర దగ్గర పనిచేసే ముసలాయన్ని అందరూ పొట్టు మామ అనేవాళ్ళు. కనుబొమల దగ్గర్నుంచి చెప్పుల దాకా ఆయన ఊక రంగులోనే ఉండేవాడు. ఆయన దగ్గితే రేకులు అదిరేవి. మాస్కులు అడిగితే గుడ్డ కట్టుకోమన్నారు. గుడ్డలోంచి పొట్టు ఎంచక్కా లోపలికి పోయేది. అక్కడినుంచి గాలికి లేచి రోలర్ల దగ్గరికి, ప్రెస్సుల దగ్గరికి కూడా వచ్చేది. షెడ్డంతా ఒకే దగ్గు. దానికి షెడ్డు కనిపెట్టిన మందు ఒకటుంది. టీ విరామంలో వేడినీళ్ళలోనో, చక్కెర లేని టీలోనో డ్రమ్ములోంచి ఇంత గ్లిజరిన్ కలుపుకుని తాగడం. గొంతు జారుడుగా, హాయిగా ఉండేది. మందుల షాపులో దగ్గు సీసాలో ఉండేదీ ఇదేనని ఎవరో చెప్పారు. అది అబద్ధమేమీ కాదు. కళ్ళజోడు కూడా చూసీ చూడనట్టు తన గ్లాసు ముందుకు జరిపేవాడు. ఒక్క నాలుకక్క మాత్రం తాగేది కాదు. ఆవిడకి షుగరు జబ్బు.

అయితే ఈ సంగతి గేటు దాటి బయటికి పోకూడదు. కత్తిరింపు బల్ల దగ్గర పనిచేసే ఒకామె గుప్పెడు పిండి కొంగున కట్టుకుపోతూ పట్టుబడింది. ఆమె ఫొటో గేటు దగ్గర అంటించారు, కింద 'దొంగ' అని రాసి. మళ్ళీ ఆ వీధుల్లో ఆమెకి పని పుట్టలేదు. గుప్పెడు పిండికే అలాగైతే, రోజూ డ్రమ్ములో గరిటె ముంచే వాళ్ళ సంగతేంటి? అందుకే ఆ తాగుడు గురించి ఇంట్లో పెళ్ళాలకి కూడా చెప్పేవాళ్ళు కారు.

ముందు పడిపోయింది పొట్టు మామ. వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. నీళ్ళు పడలేదనుకున్నారు. ఆ వెనకే ప్రెస్సు మీదున్న నాలుకక్క తమ్ముడు. వాడికి మామకన్నా పొగరెక్కువ కాబట్టి కడుపు పట్టుకుని కూడా షిఫ్టు పూర్తి చేశాడు. ఇంటికొచ్చి మంచం ఎక్కాడు. మరదలు పరిగెత్తుకొచ్చింది.

"వదినా, పొద్దుట్నుంచీ ఒంటేలుకి పోలేదు. నీళ్ళు తాగుతానే ఉన్నాడు. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు?"

మొహంలోకి పోయాయి. కళ్ళ కింద సంచుల్లా ఉబ్బింది. ఆసుపత్రికి చేర్చేసరికి మామ పక్క మంచం మీదే ఉన్నాడు, పొట్ట ఉబ్బి, మనుషుల్ని గుర్తుపట్టకుండా.

డాక్టరమ్మ చిన్నది. నిద్రలేని కళ్ళు, నలిగిన కోటు. ఇద్దరి మంచాల మధ్య నిలబడి అడిగింది.

"ఇద్దరూ ఒకేచోట పనిచేస్తారా? ఏం తిన్నారు? ఏం తాగారు?"

"ఇంట్లో తిన్నదేనండి," అంది మరదలు.

"పనిచోట?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి అమ్మ ముందు నిలబడ్డప్పుడు కూడా వాడు ఇలాగే చూసేవాడు.

"టీ," అన్నాడు వాడు. "టీనే."

"టీ తాగితే కిడ్నీలు ఆగిపోవు," అంది డాక్టరమ్మ, విసుగ్గా. "నాటుమందులేమైనా వాడారా? కల్తీసారా?"

"లేదండి."

నాలుకక్క నేల చూసింది. చెప్పదలుచుకుంటే అప్పుడే చెప్పొచ్చు. కానీ చెప్తే తమ్ముడి ఫొటో గేటు మీద ఉంటుంది. మామ ఫొటో, రోలర్ల దగ్గర పనిచేసే రోలర్ వదిన ఫొటో, మొత్తం షెడ్డు ఫొటోలు. అయినా గ్లిజరిన్ వల్ల ఏమవుతుంది? ఏళ్ళ తరబడి తాగారు, ఒక్కడికి తుమ్ము కూడా రాలేదు. తను నాకి చూసిందే కదా. తీపే కదా. అలా తనకి తాను సర్దిచెప్పుకుంది. నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున పొట్టు మామ పోయాడు. ఆయన ముక్కుపుటాల్లో అప్పటికీ సన్నటి ఊక పొడి ఉంది. ఆయన కూతురు తడిగుడ్డతో తుడుస్తూ, "ఇదెక్కడ వదుల్తుంది, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా" అంటూ ఏడ్చింది.

డాక్టరమ్మ నాలుకక్కని వసారాలోకి పిలిచింది.

"ఏదో దాస్తున్నారు. నాకు తెలుసు. నేను పోలీసుని కాదమ్మా. పెద్దాసుపత్రిలో రక్తం కడిగే మిషన్లు ఉన్నాయి, కానీ వాటి ముందు పెద్ద వరస. ఊరికే కిడ్నీ చెడిందని రాసి పంపితే మీ తమ్ముణ్ణి ఆ వరస చివర కూర్చోబెడతారు. ఫలానా విషం అని రాస్తే ముందు ఇతన్నే మిషను ఎక్కిస్తారు, విరుగుడు కూడా మొదలుపెడతారు. ఏ విషమని రాయను? మీరే చెప్పండి."

నాలుకక్క వసారాలో ఇంకెవరూ లేరని చూసుకుంది.

"గ్లిజరిన్ తాగుతారమ్మా. దగ్గుకి. పనిలో వాడే డ్రమ్ములోంచి. అందరూ."

"గ్లిజరిన్ ఇంత పని చెయ్యదు. అది గ్లిజరినేనని ఎవరు చెప్పారు?"

"నేనే. నాకి చూశాను. తీపిగానే ఉంది."

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పడమే ఇంకా ఘోరంగా తగిలింది.

"తీపిగా ఉండేవి ఇంకా ఉన్నాయమ్మా. రంగుల్లో, ఇంజన్లలో పోసేవి. గ్లిజరిన్ బదులు అవి పోసి అమ్మేస్తుంటారు. చూడ్డానికి అలాగే ఉంటాయి, కాస్త పల్చగా. రుచీ అదే. లోపలికి పోతే ముందు కిడ్నీలు, తర్వాత నరాలు."

పల్చగా. ఆ మాట తనే అంది. నోటితో అని, అదే నోటితో దించండి అంది.

"ఆ డ్రమ్ములోది సీసాడు పట్టుకురండి. లేకపోతే అమ్మినవాడి చీటీ అయినా. తొందరగా."

ఆవిడ పరుగులాంటి నడకతో షెడ్డుకి పోయింది. ముందు పచ్చసారు గదిలోకి వెళ్ళింది. కుండీల్లో మొక్కలు, చల్లటి గాలి. ఆయన లేచి నిలబడ్డాడు కూడా.

"మామ సంగతి విన్నానమ్మా, చాలా బాధేసింది. మీ తమ్ముడికెలా ఉంది?"

"చావుబతుకుల్లో ఉన్నాడు సార్. ఆ నీలం డ్రమ్ములో ఉన్నది గ్లిజరిన్ కాదంట. ఎవరు అమ్మారో చెప్పండి. వాడికి ఫోను చేసి అందులో ఏం పోశాడో కనుక్కోండి. అంతే చాలు."

ఆయన మొహంలో బాధ అలాగే ఉంది. కళ్ళు మాత్రం మారిపోయాయి.

"గ్లిజరిన్ కాకపోతే మీ తమ్ముడికేంటి సంబంధం?"

"తాగాడు సార్."

"తాగాడా? కంపెనీ సరుకు?"

"దగ్గుకి సార్. అందరూ—"

"అందరూనా!" ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "చూడమ్మా, డ్రమ్ము మీద గ్లిజరిన్ అని రాసి ఉంది. నేను చదివింది అదే. లోపలేముందో పరీక్ష చేసి ఒప్పుకున్నది నువ్వు. దొంగతనంగా తాగింది వాళ్ళు. ఇందులో నేను చేసిన తప్పేంటో చెప్పు, దిద్దుకుంటాను."

"తప్పొప్పులు తర్వాత చూసుకుందాం సార్. మనిషి బతకాలి ముందు. పేరు చెప్పండి."

"లాయరుతో మాట్లాడి చెప్తాను."

"అప్పటిదాకా వాడు ఆగడు సార్!"

"అరవకు. షెడ్డులోకి వినపడుతుంది."

ఆవిడ తలుపు అలాగే వదిలేసి గంగాళం దగ్గరికి పరిగెత్తింది. డ్రమ్ము ఉండే మూల తడిగా ఉంది. నీలం డ్రమ్ము గోడకి బోర్లించి ఉంది. మూతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. రోలర్ వదిన చేతిలో పీచుబ్రష్షు, మోచేతుల దాకా నురగ. పక్కనే కళ్ళజోడు.

"ఏం చేశారే?" అంది నాలుకక్క.

"సబ్బేసి కడిగేశాం అక్కా," అంది రోలర్ వదిన, ఊరడిస్తున్నట్టు. "మూడు నీళ్ళు పోశాం. చెక్క గరిటె కూడా కాల్చేశాం. గ్లాసులు పారేశాం. ఇంక ఎవడొచ్చి వెతికినా ఏమీ దొరకదు. నీ తమ్ముడి మీద దొంగతనం కేసు పడదు, బెంగపడకు."

"ఎవరు కడగమన్నారు?"

"ఎవరూ అన్లేదు. మేమే అనుకున్నాం. మామ పోయాడు గదా, పోలీసులొస్తారు, అందరం ఇరుక్కుంటాం అని..." ఆమె నాలుకక్క మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది? తప్పు చేశామా?"

పచ్చసారు కడిగించి ఉంటే నాలుకక్కకి తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఆయనకి అంత శ్రమ లేకుండానే పోయింది. భయం ఆయన దగ్గర జీతం లేకుండా పనిచేస్తోంది. ఇన్నేళ్ళూ గేటు మీద వేలాడిన ఒక్క ఫొటో, ఇవాళ ఇంతమంది చేత బ్రష్షు పట్టించింది.

"దాంట్లో మిగిలిందంతా ఏమైంది?" అంది కళ్ళజోడు చొక్కా పట్టుకుని.

"పొద్దున్నే ముద్దలో కలిపేశాం అక్కా. పారేస్తే అడుగుతారని."

"ఆ ముద్ద ఏది?"

అతను రోలర్ల కింది తొట్టి వైపు చెయ్యి చూపించాడు. ఊక రంగు ముద్ద, ఇంకా గోరువెచ్చగా, ఆవిరి వదుల్తూ ఉంది. నాలుకక్క రెండు చేతులతో ఇంత పెకలించి, కొంగులో వేసుకుంది. గేటు దగ్గర కాపలావాడు కొంగు చూపించమన్నాడు. "చూసుకో, ఫొటో కూడా తీసుకో" అని వాడి మొహం మీదకే ఎత్తిపట్టి, ఆగకుండా నడిచింది.

డాక్టరమ్మ ఆ ముద్దని చూసి తల పట్టుకుంది. దీన్ని పరీక్షకి పంపితే ఫలితం ఎప్పటికొస్తుందో తనకే తెలియదంది. ఎవరెవరు తాగారో అడిగితే నాలుకక్క ఒక్కో పేరూ చెప్పింది. తర్వాత పెన్ను తీసి, "మీ మాట మీద రాసేస్తున్నా. తప్పయితే నా ఉద్యోగం పోతుంది. పోనీ" అంటూ విషం పేరు రాసి, కింద గీత కొట్టింది.

పెద్దాసుపత్రి బండిలో తమ్ముడి తల అక్క ఒళ్ళో ఉంది. అప్పటికే వాడి మొహం ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"చెప్పేశావా?"

"చెప్పేశానురా."

"అందరి పేర్లూనా?"

"అందరి పేర్లూ."

"ఎంత పని చేశావే," అన్నాడు వాడు. "రోలర్ వదినకి ముగ్గురు ఆడపిల్లలు. ఆవిణ్ణి తీసేస్తే ఎలా బతుకుతుంది?"

"నువ్వు బతకరా ముందు."

వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ కోపంలోనే ఉన్నాడు. మిషను ఎక్కించారు. వాళ్ళు చేయగలిగింది చేశారు. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేదని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. ఆయన ఎవరినీ అనలేదు, మామూలుగానే చెప్పాడు. ఎంత ముందో నాలుకక్క అడగలేదు. ఎక్కడ నోరు మూసుకుందో ఆవిడకి తెలుసు. రెండో రోజు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. అక్కతో మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడే ఓపిక లేకపోయిందో, ఇష్టం లేకపోయిందో ఆవిడకి ఎప్పటికీ తెలియదు.

మరదలు ఏడవలేదు. "వదినా, మొదటిరోజే నీకు తెలుసా?" అని మాత్రం అడిగింది.

"తెలుసు. తాగుతారని తెలుసు. అదేంటో తెలీదు."

మరదలు పిల్లాణ్ణి ఎత్తుకుని గోడ వైపు జరిగి కూర్చుంది. పక్కన కూర్చోబోతే, "ఇప్పుడొద్దు" అంది.

మర్నాడు వల్లకాటి నుంచి నాలుకక్క ఇంటికి పోలేదు. తడిబట్టలతోనే షెడ్డు గేటు దగ్గరికి పోయింది. మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్ళు అప్పుడే వస్తున్నారు. ఆవిణ్ణి చూసి కొందరు తలలు దించుకున్నారు, కొందరు అయ్యో అంటూ దగ్గరికొచ్చారు.

"అయ్యోలు తర్వాత," అంది ఆవిడ. "నీలం డ్రమ్ములోది ఎవరెవరు తాగారు? కడుపునొప్పి ఉన్నా లేకపోయినా సరే. ఇప్పుడే నాతో రండి. డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఒంట్లో ఉందో లేదో రక్తం చూసి చెప్తారు. ముందే వస్తే బతుకుతారు."

ఎవరూ కదల్లేదు. గేటు లోపల కళ్ళజోడు నిలబడి ఉన్నాడు. పైన కిటికీలో పచ్చ చొక్కా కనపడుతోంది.

"నేను తాగలేదక్కా," అన్నాడు ఒకడు, కిటికీకి వినపడేలా.

"నేనూ తాగలేదు. ఎప్పుడూ ముట్టుకోలేదు."

"ఒరేయ్, నా ముందే గ్లాసు నాకి పెట్టావు గదరా!"

"అది పాత డ్రమ్ము అక్కా."

"ఎవడడిగాడురా నిన్ను పాతదా కొత్తదా అని! దొంగ అంటాడనేగా భయం? అననీ. నా తమ్ముడు దొంగ అనిపించుకోకుండానే పోయాడు. మంచి పేరుతో కాల్చేసి వస్తున్నా. కావాలా మీకూ ఆ మంచి పేరు?"

షిఫ్టు సైరన్ మోగింది. జనం కదిలారు, గేటు వైపే. ఆవిడ ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని ఆపబోయింది. విడిపించుకున్నారు, మెత్తగానే, క్షమించమన్నట్టుగా.

రోలర్ వదిన గేటు దాకా పోయి ఆగింది. ఆమె చేతులు సబ్బుకి పగిలి ఉన్నాయి. లోపలికి చూసింది, కిటికీ వైపు చూసింది.

"నేను తాగాను," అంది గట్టిగా. "రోజుకి రెండుసార్లు తాగాను. నిన్నట్నుంచి నాకు నడుం దగ్గర నొప్పిగా ఉంది."

ఆమె వెనక అచ్చులు దులిపే ముసలమ్మ ఆగింది. ఇంకెవరూ ఆగలేదు. కళ్ళజోడు మొహం పాలిపోయి ఉంది, చెయ్యి పొట్ట మీదుంది. నాలుకక్క అతని వైపు చూసి రమ్మన్నట్టు తల ఊపింది. అతను గేటు మూసి గొళ్ళెం పెట్టాడు, లోపలి నుంచి.

"వాళ్ళ సంగతేంటక్కా?" అంది రోలర్ వదిన.

"షిఫ్టు దిగేటప్పుడు మళ్ళీ వస్తా. రేపూ వస్తా. పద, ముందు నువ్వు పద."

ముసలమ్మ వేగంగా నడవలేకపోతోంది. నాలుకక్క ఆమె చంక కింద చెయ్యి వేసి, దాదాపు మోసుకుంటూ రోడ్డెక్కింది. వెనక షెడ్డులో ప్రెస్సులు ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి.